నోరు వేయని బొమ్మ

వదిన కాలు విరిగింది గ్రౌండులో కాదు. ఇరవై ఏళ్ళుగా స్కూల్లో ఆటల టీచరుగా ఉండి పిల్లలచేత ఎన్నో గోడలు దూకించిన మనిషి, సొంత వంటగదిలో స్టూలెక్కి బల్బు మారుస్తూ పడింది. పడి, లేవలేక నేలమీదే కూర్చుని నవ్వింది. ఆసుపత్రిలో కట్టు వేస్తుంటే కూడా నవ్వింది.

"ఈ సంగతి స్కూల్లో తెలిస్తే నా ఈలకి ఇంక ఎవడైనా భయపడతాడా బుల్లీ?"

ఆవిడ నవ్వు అలాంటిది. మూడో అంతస్తులో నవ్విందంటే కింద గేటు దగ్గర వాచ్‌మన్ తలెత్తి చూసేవాడు. ముందు గొంతులో చిన్నగా గురగుర మొదలయ్యేది. తర్వాత ఊపిరి ఆగిపోయేది. ఆ తర్వాత ఒక్కసారిగా, పెద్ద డబ్బా మెట్లమీంచి దొర్లినట్టు, దడదడా కిందికి దిగేది. ఎదుటివాళ్ళు ఎంత దిగులుగా ఉన్నా ఆ నవ్వు విన్నాక బిగబట్టుకోలేరు.

బుల్లి ఆవిడకి ఆడపడుచు. అసలు పేరు ఇంట్లో అందరూ మర్చిపోయారు. అన్నయ్య లారీ తీసుకుని వెళ్తే రెండు మూడు వారాలకి గానీ ఇంటికి రాడు. బుల్లి ఇంట్లోనే మిషను పెట్టుకుని హోటళ్ళకి కర్టెన్లు కుడుతుంది. కాబట్టి కట్టు ఉన్న ఆరువారాలూ వదిన సోఫాలో, బుల్లి మిషను ముందు, ఎదురుగా టీవీ. ముగ్గురే.

మధ్యాహ్నం మూడింటికి ఒక ఛానెల్లో బొమ్మలమ్మేవాళ్ళు. చేత్తో వేసిన ఆయిల్ పెయింటింగులు. అమ్మే ఆయనకి వాళ్ళు పిప్పరమెంటు అని పేరు పెట్టారు. ఆయన గొంతు అంత చల్లగా, తియ్యగా, నోట్లో అంటుకుపోయేలా ఉండేది.

"చూడండి ఈ జలపాతం. ఇది మీ హాల్లో ఉంటే ఆ చల్లదనం మీకే తెలుస్తుంది."

"ఆ చల్లదనానికి పొద్దస్తమానం బాత్రూముకి పరిగెత్తాలి" అనేది వదిన.

"ఈ గుర్రాల్లో ఉన్న ఆవేశం చూడండి."

"ఆవేశం కాదు నాయనా, నొప్పి. ఆ ముందుదాని మోకాళ్ళు వెనక్కి వంగాయి. దానికీ నాలాగే కట్టు వేయించండి."

బుల్లి కూడా తక్కువదేం కాదు. సూర్యాస్తమయం చూపిస్తే, "ఎర్రరంగు సీసా ఒలికిపోతే ఏం చెయ్యాలో తెలీక అమ్మకానికి పెట్టాడు" అనేది. ఇద్దరూ పడీపడీ నవ్వేవారు. ఆ రెండుగంటలూ కాలినొప్పి కూడా గుర్తొచ్చేది కాదని వదినే చెప్పేది.

అలా నాలుగో వారంలో, ముసురు పట్టిన ఒకరోజు, పిప్పరమెంటు ఒక పొడవాటి బొమ్మ తెచ్చి స్టాండు మీద పెట్టాడు.

పెద్ద గది. ఎత్తైన కిటికీలు. తెల్లగుడ్డలు కప్పిన కుర్చీలు. కిటికీలోంచి నేలమీద పడ్డ వెలుగు పాలిపోయి, జబ్బుపడి లేచిన మనిషి మొహంలా ఉంది.

"ఖాళీ గది" అన్నాడు పిప్పరమెంటు. "మనిషన్నవాడు లేడు. ఎంత ప్రశాంతతో చూడండి."

వదిన చిప్స్ పొట్లం పక్కన పెట్టింది. "లేడంటాడేంటే? ఆ మూల ఆవిడెవరు మరి?"

బుల్లి మిషను ఆపి చూసింది. నిజమే. కుడివైపు మూల, బూడిదరంగు బట్టల్లో ఒకావిడ గోడకేసి తిరిగి నిలబడి ఉంది. చేతులు మాత్రం మరీ పొడుగు. మోకాళ్ళు దాటి వేలాడుతున్నాయి.

"కొలతలు తీసుకోకుండా కత్తిరించాడు వదినా" అంది బుల్లి. "జానెడు మడిచి కుడితే సరిపోయేది."

వదినకి గురగుర మొదలైంది. ఊపిరాగింది. పెద్ద డబ్బా మెట్లమీంచి దొర్లింది.

ఆ షోలో చూసేవాళ్ళు ఫోన్ చేసి నేరుగా మాట్లాడొచ్చు. వదినకి అంతకుముందు ఎప్పుడూ ఆ బుద్ధి పుట్టలేదు. ఆరోజు పుట్టింది. రెండోసారికే లైను కలిసింది.

"చెప్పండి మేడమ్! ఈ అందమైన గది మీ ఇంటికి పంపించమంటారా?"

"గది సరే సార్, అందులో అద్దెకున్నావిడ్ని ఖాళీ చేయించి ఇస్తారా, ఆవిడతో కలిపి ఇస్తారా?"

"అద్దెకా... ఎవరు మేడమ్?"

"ఆ మూల నిలబడినావిడండీ. ఆ పొడుగు చేతులతో మా ఇంట్లో బూజులైనా దులుపుకోవచ్చు!"

టీవీలో పిప్పరమెంటు నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. కళ్ళు మాత్రం మారిపోయాయి. వెంటనే ప్రకటనలు వచ్చేశాయి. కానీ ఫోను కట్ కాలేదు. వదిన స్పీకర్ నొక్కింది. అవతల్నుంచి గుసగుసలాడుతున్నట్టు ఒక గొంతు. తీపి లేదు, చల్లదనం లేదు.

"అమ్మా... మీకావిడ కనిపిస్తోందా?"

"కనిపించకేం?"

"ఎటు చూస్తోంది?"

"గోడకేసి."

అవతల ఊపిరి వదిలిన చప్పుడు. "ఇంక నవ్వకండి. దణ్ణం పెడతాను... నవ్వకండి."

ఫోను ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అమ్ముడుపోక పాపం మతి పోయినట్టుంది" అంది వదిన. బుల్లి నవ్వింది గానీ, ఆ నవ్వు ఎక్కడో అంచు దగ్గర ఆగిపోయింది.

మర్నాడు అదే బొమ్మ మళ్ళీ వచ్చింది. అదే గది, అవే కుర్చీలు. మూలనున్నావిడ ఇప్పుడు పక్కకి తిరిగి ఉంది. జుట్టు చెంప మీద పడి మొహం తెలియడం లేదు.

"సైడు పోజిచ్చింది చూడవే! నిన్న నేనన్న మాట పెయింటరుకి తగిలినట్టుంది. రాత్రికి రాత్రి కూర్చుని దిద్దాడు" అని వదిన మళ్ళీ విరగబడింది.

బుల్లికి మాత్రం అలా అనిపించలేదు. దిద్దిన బొమ్మలా లేదది. ఎవరో ఎక్కడో నవ్వుతుంటే, ఎవర్ని చూసి నవ్వుతున్నారా అని మనిషి మెల్లగా తల తిప్పినట్టుంది.

ఆ సాయంత్రం ఐదున్నరకి ఫోను మోగింది. వదిన కునుకు తీస్తోంది. బుల్లి ఎత్తింది. పిప్పరమెంటే.

"మీ నంబరు మా దగ్గర పడింది, అందుకే చేస్తున్నానమ్మా. ఇవాళ ఎటు చూసింది?"

"పక్కకి తిరిగింది." బుల్లి గొంతు దానంతటదే తగ్గింది. "సార్, అది ఎవరు వేసిన బొమ్మ?"

"తెలీదు. మేం ఎవరి దగ్గరా తీసుకోలేదు. రోజూ వరసలో ఉంటుంది, తీసేస్తాం, మళ్ళీ ఉంటుంది. మొదటిరోజు నాకూ కనిపించింది. మేకప్ గదిలో అందరి ముందూ ఆవిడలా చేతులు వేలాడేసుకుని నడిచి చూపించాను. అందరూ తెగ నవ్వారు. ఇప్పుడు నాకు గది ఖాళీగానే కనిపిస్తుంది. పని అయిపోయింది కదా..."

"ఏం పని?"

"నా దగ్గర తీసుకోవలసింది తీసుకుంది."

"ఏం తీసుకుంది సార్?"



"నిద్ర" అన్నాడాయన. "కంటిమీద కునుకు పడి నలభై రోజులైందమ్మా."

బుల్లికి వీపు మీద చీమలు పాకినట్టయింది. ఫోను పెట్టేశాక రిమోట్ తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో దాచేసింది. పొద్దున్న వదిన అడిగితే ఉన్న సంగతి చెప్పింది. వదిన ఆసాంతం విని, బుల్లి చెయ్యి పట్టుకుంది.

"పిచ్చిమొహమా! వాళ్ళ బేరాలు పెరగడానికి ఇదో ఎత్తు. సరే, నీకు భయంగా ఉంటే చూడనులే. ఒట్టు."

ఆ ఒట్టు మధ్యాహ్నం మూడుంపావు వరకూ నిలబడింది. బుల్లి లోపలి గదిలో హోటలుకి ఇవ్వాల్సిన కర్టెన్లు మడతపెట్టి మూటలు కడుతోంది. బయట వాన పెరిగింది, పట్టపగలే చీకటి పడినట్టుంది. హాల్లోంచి వదిన నవ్వు వినిపించింది. మామూలు నవ్వు కాదు. ఊపిరాడనివ్వనిది. కేకలు, దగ్గు, మళ్ళీ కేకలు.

బుల్లి పరిగెత్తింది. వదిన చేతికర్రతో టీవీ బటన్ నొక్కి ఆన్ చేసినట్టుంది. కర్ర నేలమీద పడి ఉంది. తెరమీద ఆ గది. పిప్పరమెంటు లేడు, ఇంకెవరో అమ్మాయి ఏదో చెబుతోంది.

మూలనున్నావిడ మూలలో లేదు. గది మధ్యలో, కుర్చీల ఇవతల నిలబడింది. పూర్తిగా ఇటు తిరిగింది.

కళ్ళున్నాయి. ముక్కుంది. ముక్కు కింద ఏమీ లేదు. చదునుగా, నున్నగా, చర్మం.

"నోరు..." వదిన పొట్ట పట్టుకుని మెలికలు తిరిగిపోతోంది. "నోరు వెయ్యడం మర్చిపోయాడే! అన్నం ఎలా తింటుందే పాపం! అయ్యో... నావల్ల కాదే..."

కన్నీళ్ళు కారేలా నవ్వుతోంది. బొమ్మలో ఆవిడ కళ్ళు ఎటూ చూడటం లేదు, సరిగ్గా సోఫాకేసి తప్ప. కోపం లేదు ఆ చూపులో. బజార్లో నచ్చిన చీర కనిపిస్తే కళ్ళప్పగించి చూస్తామే, అలా చూస్తోంది.

బుల్లి టీవీ ప్లగ్గు పీకేసింది. తెర నల్లబడింది.

కింద హోటలు వాళ్ళు పంపిన టాక్సీ హారన్ కొడుతోంది. ఆ కర్టెన్లు సాయంత్రానికి తగిలించకపోతే పనే పోతుంది. బుల్లి వెళ్ళనంది. వదిన కసిరింది. "నాకేం ఏడేళ్ళా? ప్లగ్గు కూడా పీకావు, నేను లేచి పెట్టలేను. గంటలో రా." బుల్లి వదిన ఫోను ఆవిడ ఒళ్ళో పెట్టి, తలుపు తాళం వేసుకుని వెళ్ళింది.

హోటలు హాల్లో పొడుగు నిచ్చెన వేసుకుని నాలుగు కిటికీలకి తగిలించింది. ఐదో కిటికీ దగ్గర కిందికి చూస్తే రిసెప్షన్ బల్ల వెనకాల గోడకి టీవీ. చప్పుడు తగ్గించి పెట్టారు. ఆ ఛానెలే.

ఆ గదే. ఎత్తైన కిటికీలు, తెల్లగుడ్డల కుర్చీలు, నేలమీద పాలిపోయిన వెలుగు.

ఎవరూ లేరు.

"ఏవండీ" అని రిసెప్షన్‌లో అమ్మాయిని పిలిచింది బుల్లి. "ఆ బొమ్మలో ఒకావిడ ఉండాలి, మీకు కనిపిస్తోందా?"

ఆ అమ్మాయి చూసింది. "ఖాళీ గదే కదండీ."

బుల్లి నిచ్చెన ఎలా దిగిందో తనకే తెలీదు. వదినకి ఫోన్ చేసింది. చాలాసేపు మోగింది.

"వదినా?"

ఊపిరి. పొడిగా, తెగి తెగి వస్తున్న ఊపిరి.

"వదినా, నేను. మాట్లాడు!"

"బుల్లీ..." అంత మెల్లటి గొంతు వదినకి ఉందని బుల్లికి ఆరోజు దాకా తెలీదు. "కరెంటు పోయింది."

"వస్తున్నా. టాక్సీ ఎక్కుతున్నా. నువ్వు ఏం..."

"తాళం వేసి వెళ్ళావు కదూ?"

"వేశాను."

"మరి సోఫా మీద నా పక్కన ఎవరో కూర్చున్నారే."

బుల్లి ఫోను చెవికి అదిమి పట్టుకుంది. టాక్సీ అద్దాల మీద వాన కొడుతోంది.

"తిరిగి చూడలేదు నేను. రంగు వాసన వేస్తోంది. పచ్చి రంగు... నూనె వాసన. బుల్లీ, చెయ్యి... చల్లగా ఉంది..."

"వదినా!"

"నా పెదాలు తడుముతోంది. ఈ చివరి నుంచి ఆ చివరికి. మళ్ళీ ఈ చివరికి. కొలత... కొలత తీసుకుంటోంది."

అప్పుడు వినిపించింది బుల్లికి. ఫోనులో, దూరంగా కాదు, దగ్గరగానే. గొంతులో చిన్న గురగుర. ఊపిరి ఆగింది. తర్వాత దడదడా, పెద్ద డబ్బా మెట్లమీంచి దొర్లినట్టు... వదిన నవ్వు. అచ్చంగా వదిన నవ్వు.

బుల్లికి ప్రాణం లేచొచ్చింది. "ఛీ, ఆటపట్టిస్తున్నావా! నా గుండె ఆగిపోయేది తెలుసా?" అంది ఏడుస్తూ, నవ్వుతూ.

నవ్వు ఆగలేదు. దాని కిందనుంచి, ఆ నవ్వు సాగుతుండగానే, ఇంకో గొంతు సన్నగా...

"అది నేను కాదే."

ఫోను ఆగిపోయింది.

మెట్ల మీద చీకటి. మూడంతస్తులూ గోడ పట్టుకుని ఎక్కింది బుల్లి. రెండో అంతస్తు దాటేసరికి వాసన ముక్కుకి తగిలింది, కొత్తగా పెయింటు వేసిన తలుపు దగ్గర వచ్చే వాసన. తాళం వేసింది వేసినట్టే ఉంది. చీకట్లో తడుముకుని తాళం తీసింది.

వదిన సోఫాలోనే ఉంది. నిటారుగా, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన ఎవరూ లేరు. సోఫా గుడ్డ మాత్రం ఆ పక్కన కూడా నొక్కుకుపోయి ఉంది. బుల్లి చూస్తుండగానే అది మెల్లగా పైకి లేచింది, మనిషి లేచాక దిండు లేచినట్టు.

"వదినా, ఇటు చూడు. ఏమైంది?"

వదిన ఇటు తిరిగింది. ఫోను వెలుగులో బుల్లి చూసింది. పెదాల చుట్టూ గోధుమరంగు గీత. సన్నగా, ఎక్కడా చెదరకుండా, బట్ట కత్తిరించే ముందు సుద్దతో గీసుకున్నట్టు. ఇంకా తడిగా ఉంది.

బుల్లి ఏడుస్తూనే గుడ్డకి నూనె రాసి తుడిచింది. వదలడానికి చాలాసేపు పట్టింది.

డాక్టరు చూసి భయపడిందన్నాడు, నీరసమన్నాడు. వదిన మాట్లాడుతుంది, అన్నం తింటుంది, ఎవరొచ్చినా పలకరిస్తుంది. కానీ నవ్వదు. నవ్వకూడదని కాదు. పదిరోజుల తర్వాత బుల్లి ఏదో పాత ముచ్చట చెప్పింది, వదిన స్కూల్లో హెడ్మాస్టరు కుర్చీ విరిగిన కథ. వదిన మొహం అంతా వెలిగింది. నోరు తెరిచింది. గాలి మాత్రమే వచ్చింది. ఖాళీ సీసాలోకి ఊదితే వచ్చేంత గాలి. తెరిచిన నోరు అలాగే ఉంచి, కళ్ళనిండా నీళ్ళతో బుల్లిని చూసింది.

"వస్తోందే. ఇక్కడిదాకా వస్తోంది" అని గొంతు దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఆ తర్వాత ఏమీ లేదు."

బుల్లి ఛానెలుకి ఫోన్ చేసింది. ఆయన మానేశాడన్నారు. అలాంటి బొమ్మ తమ లిస్టులో ఎన్నడూ లేదన్నారు. ఒకే ఒక్కసారి, గుండె రాయి చేసుకుని మూడింటికి టీవీ పెట్టి చూసింది. ఆ గది ఉంది. ఖాళీగా. ఆవిడ తనకి కనిపించకుండా ఉందో, అసలు లేకుండా ఎటైనా వెళ్ళిందో... అది తేల్చుకునే దారి బుల్లికి లేదు. తనూ నవ్విందిగా. కొలతల మాట ముందుగా అన్నది తనేగా.

ఆ టీవీ అమ్మేశారు.

కట్టు విప్పాక వదిన స్కూలుకి వెళ్తోంది. ఈల వేస్తుంది, పిల్లల్ని పరిగెత్తిస్తుంది, మౌనంగా ఇంటికొస్తుంది. అన్నయ్య లారీ దిగి ఇల్లు చేరింది ఒక శుక్రవారం, సాయంత్రం ఏడింటికి. సంచి కింద పెట్టి, మొహం కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ అడిగాడు.

"మెట్ల మీద ఎవరే ఆవిడ? కొత్తగా దిగారా?"

బుల్లి చేతిలో గిన్నె ఆగిపోయింది. "ఎవరన్నయ్యా?"

"ఏమో. గోడకేసి తిరిగి నిలబడింది. కొంచెం తప్పుకోమ్మా అంటే తప్పుకుంది గానీ మొహం చూపించలేదు. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకున్నా. కాదు... నవ్వాపుకుంటున్నట్టుంది."

వదిన కుర్చీలోంచి లేవలేదు. "దిగుతోందా, ఎక్కుతోందా?" అంది.

"నా వెనకాలే ఎక్కింది. మన తలుపు దాటి పైకి వెళ్ళిపోయింది."

పైన నాలుగో అంతస్తులో కొత్తగా పెళ్ళయిన జంట ఉంటారు. సాయంత్రాలు టీవీ పెట్టుకుని, దాన్నేదో వెక్కిరించుకుంటూ పగలబడి నవ్వుకుంటారు. ఆరోజూ వినిపిస్తోంది, అతని గొంతు, ఆ అమ్మాయి గొంతు, పోటీలుపడి.

ముగ్గురూ తలెత్తి పైకప్పుకేసి చూశారు.

నవ్వు మధ్యలో తెగిపోయింది.

టీవీ చప్పుడు మాత్రం సాగుతోంది. ఎవరో ఏదో అమ్ముతున్నారు. అలా చాలాసేపు గడిచింది. అన్నయ్య ఏదో అనబోతే బుల్లి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పైన మళ్ళీ నవ్వు మొదలైంది. ఈసారి ఒక్క గొంతే. ముందు చిన్నగా గురగుర. తర్వాత ఊపిరి ఆగింది...

వదిన లేచొచ్చి బుల్లి చెవి దగ్గరికి వంగింది.

"అది నాదే" అంది.